ఇరవై ఏడేళ్లకు మళ్లీ చెస్ పుస్తకం తెరిచా: మూడు వేల ఆన్‌లైన్ గేమ్స్ నేర్పనిది ఒక పాత పుస్తకం ఎలా నేర్పింది?

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఏఐ లేదు. ఈసారి చెస్. అది కూడా ఓపెనింగ్ ట్రిక్స్, పది ఎత్తుల్లో ఎలా గెలవాలి లాంటివి కాదు. చిన్నప్పుడు ఆడి, మధ్యలో వదిలేసి, ఇప్పుడు ఫోన్‌లో మళ్లీ మొదలుపెట్టినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కదా. రోజూ ఆడుతూనే ఉంటాం, రేటింగ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అలాంటివాళ్ల కోసం ఈ ఎపిసోడ్. ఎందుకంటే నేనూ అదే బ్యాచ్.

ముందు ఓడిపోయిన కథ చెప్తా. సారీ, ఓడిపోలేదు. డ్రా అయింది. కానీ ఓటమి కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

పోయినేడాది ఒక వీకెండ్ ర్యాపిడ్ టోర్నమెంట్‌కి వెళ్లా. ఆఖరి రౌండ్‌లో నా ఎదురుగా పదేళ్ల బాబు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందట్లేదు. ఆట చివరికి బోర్డు మీద మూడే మూడు మిగిలాయి: నా రాజు, నా బంటు, వాడి రాజు. నాకు ఒక బంటు ఎక్కువ, పైగా ఎత్తు నాదే. ఇంకేం, గెలిచేశాం అనుకున్నా. బంటుని రెండు గడులు ముందుకి తోశా, టకామని క్లాక్ కొట్టా. వాడు ఒక్క క్షణం చూసి, రాజుని తెచ్చి నా బంటు ముందు నిలబెట్టాడు. తర్వాత పది పన్నెండు ఎత్తులు తోసుకున్నాం. చివరికి స్టేల్‌మేట్. వాడు చెయ్యి కలిపి, చాలా మర్యాదగా, "అంకుల్, కింగ్ ఫస్ట్ రావాలి కదా" అన్నాడు.

అంకుల్ అన్నందుకు ఎంత బాధపడ్డానో, ఆ మాట నిజమైనందుకు అంతకన్నా ఎక్కువ బాధపడ్డా. అప్పటికి నేను ఫోన్‌లో మూడు వేలకు పైగా బ్లిట్జ్ గేమ్స్ ఆడి ఉన్నా. మూడు వేలు! పదేళ్ల పిల్లాడికి తెలిసింది నాకు తెలియదు.

అసలు ఆ పొజిషన్‌లో ఏముంది?

ఇది అర్థమైతే ఈ ఎపిసోడ్ సగం అర్థమైనట్టే, కాబట్టి నిదానంగా చూద్దాం. యాప్‌లో బోర్డ్ ఎడిటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి.

తెల్ల రాజు డీ-3 గడిలో. తెల్ల బంటు ఈ-2లో, అంటే ఇంకా కదల్లేదు. నల్ల రాజు ఈ-6లో. ఎత్తు తెల్లది.

నేను ఆడింది బంటు ఈ-4. వెంటనే నల్ల రాజు ఈ-5కి వచ్చాడు. ఇక బంటుకి దారి లేదు. నా రాజు బంటు వెనకాల కాపలా కాయాలి, ముందుకెళ్లి దారి చెయ్యలేడు. నల్ల రాజు నేరుగా వెనక్కి జరుగుతూ, నా రాజు ముందుకొచ్చిన ప్రతిసారీ ఎదురుగా నిలబడుతూ పోతే చాలు. ఆఖర్లో నా బంటు ఈ-7లో, నా రాజు ఈ-6లో, వాడి రాజు ఈ-8లో ఉంటాయి. వాడికి కదలడానికి గడి లేదు, చెక్ కూడా లేదు. డ్రా.

ఆడాల్సింది రాజు ఈ-4. అంతే. ఇప్పుడు రెండు రాజులూ ఎదురెదురుగా ఉన్నారు, మధ్యలో ఒక్క గడి ఖాళీ. ఎత్తు నల్లది. దీన్నే ఆపోజిషన్ అంటారు. ఇరుకు సందులో రెండు ఆటోలు ఎదురుపడ్డాయనుకోండి, ఎవరు ముందు కదిలితే వాళ్లే పక్కకి తప్పుకోవాలి. నల్ల రాజు డీ-6కి వెళ్తే మనం ఎఫ్-5కి, ఎఫ్-6కి వెళ్తే మనం డీ-5కి దూరిపోతాం. వెనక్కి ఈ-7కి తగ్గితే మనం ఈ-5కి వెళ్లి మళ్లీ ఎదురుగా నిలబడతాం. బంటు ఇంట్లోనే కూర్చుంటుంది, రాజు ముందుండి రోడ్డు క్లియర్ చేస్తాడు. గెలుపు ఖాయం.

తేడా ఒక్క ఎత్తు. బంటు ముందా, రాజు ముందా. ఇది వందేళ్ల కిందటి పుస్తకాల్లోనే ఉంది. మరి మూడు వేల గేమ్స్‌లో నాకెందుకు తెలియలేదు?

ఆడటం వేరు, నేర్చుకోవడం వేరు

మూడు నిమిషాల బ్లిట్జ్‌లో ఇలాంటి పొజిషన్ వచ్చేసరికి క్లాక్‌లో ఐదు సెకన్లు ఉంటాయి. ఏదో తోసేస్తాం. గెలిస్తే మన గొప్ప, ఓడితే టైమ్ తప్పు. వెంటనే "న్యూ గేమ్" బటన్. తప్పు ఏంటో చూసే తీరికే ఉండదు. నేను మూడు వేల గేమ్స్ ఆడానంటే, ఒకే తప్పుని మూడు వేలసార్లు ప్రాక్టీస్ చేశానన్నమాట.

సరే, ఇంజిన్ ఉంది కదా అంటారు. స్టాక్‌ఫిష్ ప్రపంచ ఛాంపియన్ కన్నా బలంగా ఆడుతుంది, పైగా ఫ్రీ. కరెక్టే. అది నా ఎత్తు పక్కన ఎర్ర గుర్తు పెడుతుంది, అంకె చూపిస్తుంది. కానీ "ఎందుకు" అని చెప్పదు. నేను కోడ్ రాసే రోజుల భాషలో చెప్పాలంటే, కంపైలర్ ఎర్రర్ చూపిస్తుంది గానీ, డిజైన్ ఎలా ఆలోచించాలో పక్కన కూర్చుని నేర్పించదు. ఆ పని సీనియర్ చెయ్యాలి. చెస్‌లో మంచి పుస్తకం ఆ సీనియర్.

దీనికి ఒక పాత పరిశోధన గుర్తు చేస్తా. 1973లో విలియమ్ చేజ్, హెర్బర్ట్ సైమన్ అని ఇద్దరు ఒక ప్రయోగం గురించి రాశారు. ఈ సైమన్ కంప్యూటర్ సైన్స్‌వాళ్లకి తెలిసిన పేరే. ట్యూరింగ్ అవార్డు, ఎకనామిక్స్‌లో నోబెల్, రెండూ వచ్చిన మనిషి. బోర్డు మీద నిజమైన గేమ్‌లోని పొజిషన్ పెట్టి ఐదు సెకన్లు చూపించి, గుర్తున్నంతవరకు మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ చాలావరకు పేర్చేశాడు, కొత్తగా ఆడేవాడు నాలుగైదు పావుల దగ్గరే ఆగిపోయాడు. తర్వాత అవే పావుల్ని అర్థంపర్థం లేకుండా చల్లినట్టు పెట్టి చూపించారు. ఈసారి మాస్టర్ ఆధిక్యం దాదాపు పోయింది.

అంటే మాస్టర్‌కి ఉన్నది ఫొటో తీసే మెదడు కాదు. అతనికి బోర్డు మీద కనిపించేవి విడివిడి పావులు కాదు, గుంపులు. మనం "అమ్మ" అనే మాట చదివేటప్పుడు అక్షరం అక్షరం కూడబలుక్కోం కదా, ఒక్క చూపులో మాట కనిపిస్తుంది. అలాగన్నమాట. ఆ గుంపులు తలలో చేరాలంటే ఒక్కోదాన్ని ఆగి చూడాలి, అర్థం చేసుకోవాలి, మళ్లీ మళ్లీ ఎదురుపడాలి. ఆగడమే ఫోన్‌లో కుదరనిది. పుస్తకంలో ఆగకుండా కుదరనిది.

నాన్న పుస్తకం, రెండు పేర్లున్న గడి

ఆ టోర్నమెంట్ అయ్యాక పండక్కి ఇంటికెళ్లినప్పుడు అటక మీద నాన్న పాత చెస్ పుస్తకం వెతికా. ఎప్పుడో కోఠీలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అట్ట ఊడిపోయింది. నాకు చెస్ నేర్పింది నాన్నే. ఇంటర్‌లో హాస్టల్‌కి వెళ్లాక, ర్యాంకుకి అడ్డమని అక్కడ నా బోర్డు తీసేసుకున్నారు. నేనూ గట్టిగా అడగలేదు. ఆ తర్వాత పదేళ్లు ఆ ఊసే లేదు.

చిన్నప్పుడు ఆ పుస్తకం తెరిస్తే తలా తోకా అర్థమయ్యేది కాదు. పీ-కే4, కేటీ-కేబీ3 అని ఏవో కోడ్‌లు. ఇప్పుడు తెలిసింది, అది డిస్క్రిప్టివ్ నొటేషన్. ఇందులో నిలువు వరసకి పేరు, ఆట మొదట్లో అక్కడ నిలబడే పావుని బట్టి వస్తుంది. కే అంటే కింగ్ వరస. పీ-కే4 అంటే కింగ్ ముందున్న బంటుని నాలుగో గడికి తోయడం. తమాషా ఏంటంటే, ఎవరి వైపు నుంచి వాళ్లు లెక్కపెట్టుకుంటారు. అందుకని ప్రతి గడికీ రెండు పేర్లు. తెల్లవాడి పీ-కే4 మన ఈ-4, నల్లవాడి పీ-కే4 మన ఈ-5. గుర్రానికి పాత పుస్తకాల్లో కేటీ అని రాసేవారు, కే కింగ్‌కి పోయింది కాబట్టి.

1981 నుంచి ఫిడే అధికారికంగా ఆల్జీబ్రాయిక్ నొటేషన్‌నే గుర్తిస్తోంది. యాప్‌లో మనం చూసేది అదే. కానీ పాత నొటేషన్ ఒక సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తుంది, దాంతో పెద్ద లాభం ఉంది. కాపాబ్లాంకా 1921లో రాసిన "చెస్ ఫండమెంటల్స్" ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా, చట్టబద్ధంగా దొరుకుతుంది. లాస్కర్‌ని ఓడించి ఆయన ప్రపంచ ఛాంపియన్ అయింది కూడా ఆ ఏడాదే. అంత పెద్ద మనిషి పుస్తకం ఎక్కడ మొదలవుతుందో తెలుసా? ఒక రూక్, ఒక రాజుతో ఒంటరి రాజుని ఎలా మేట్ చెయ్యాలో అక్కడ. ఓపెనింగ్ దగ్గర కాదు, ఆట ముగిసే చోట. పావులు తక్కువున్నప్పుడు ఒక్కో పావు బలం తెలియకపోతే, ముప్ఫై రెండు ఉన్నప్పుడు ఏం తెలుస్తుంది అన్నది లాజిక్.

ఏ పుస్తకాలు? మూడు చాలు

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా. ఉత్సాహం వచ్చింది కదా అని ఒకేసారి ఏడు పుస్తకాలు ఆర్డర్ పెట్టా. నిమ్జోవిచ్ "మై సిస్టమ్" కూడా అందులో ఉంది. 1920లలో వచ్చిన క్లాసిక్. ముప్ఫై పేజీలు చదివి పక్కన పెట్టా. పుస్తకం తప్పు కాదు, నా స్థాయికి అది ముందే కొన్నాను. ఆర్డర్ పెట్టడం కూడా చదివినట్టే అనిపిస్తుంది మనకి. యూట్యూబ్‌లో "వాచ్ లేటర్" లాంటిదే.

మళ్లీ మొదలుపెట్టేవాళ్లకి మూడు రకాలు సరిపోతాయి.

ఒకటి, గేమ్‌ని మాటల్లో వివరించే పుస్తకం. ఇర్వింగ్ చెర్నెవ్ రాసిన "లాజికల్ చెస్: మూవ్ బై మూవ్", 1957 నాటిది. ముప్ఫై మూడు గేమ్స్, ప్రతి ఎత్తుకీ వివరణ. మొదటి ఎత్తు ఈ-4ని కూడా మళ్లీ మళ్లీ కొత్తగా వివరిస్తాడు. మొదట్లో విసుగొస్తుంది. పదో గేమ్‌కొచ్చేసరికి వివరణ చదవకముందే మనకే తెలిసిపోతుంది. ఆ గుంపు తలలో కూర్చుందన్నమాట. కొన్నిచోట్ల నేటి ఇంజిన్ చెర్నెవ్‌తో ఒప్పుకోదు. పర్లేదు. ముందు ఒక ఆలోచనా పద్ధతి రావాలి, దానికి మినహాయింపులు తర్వాత.

రెండు, ఎండ్‌గేమ్. జెరెమీ సిల్మన్ "కంప్లీట్ ఎండ్‌గేమ్ కోర్స్", 2007. దీని గొప్పతనం, చాప్టర్లు రేటింగ్ ప్రకారం ఉంటాయి. నీ రేటింగ్‌కి ఇంతవరకు తెలిస్తే చాలు, ఇక మూసేసి వెళ్లి ఆడుకో అంటాడు. ఉద్యోగం చేసేవాడికి ఇంతకన్నా ప్రేమగా ఎవరు చెప్తారు? నన్ను ముంచిన ఆ రాజు-బంటు పొజిషన్ లాంటివి ఇందులో మొదటి భాగాల్లోనే ఉన్నాయి.

మూడు, టాక్టిక్స్. మరీ మొదటి మెట్టులో ఉంటే "బాబీ ఫిషర్ టీచెస్ చెస్", 1966. దాదాపు అంతా చెక్‌మేట్ ప్యాటర్న్‌లే. కొంచెం ముందున్నవాళ్లకి "వుడ్‌పెకర్ మెథడ్", 2018లో ఆక్సెల్ స్మిత్, హాన్స్ టిక్కనెన్ రాశారు. వడ్రంగిపిట్ట చెట్టుని ఒకేచోట పొడిచినట్టు, ఒకే పజిల్స్ సెట్‌ని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ ఇంకా తక్కువ రోజుల్లో పూర్తి చెయ్యడం. కొత్త పజిల్ కన్నా పాతదాన్ని వెంటనే గుర్తుపట్టడం ముఖ్యం అన్నది దీని ప్రాణం.

మూడూ ఒకేసారి కొనక్కర్లేదు. లైబ్రరీలో చూడండి, పాత పుస్తకాల షాపుల్లో అడగండి. టెలిగ్రామ్‌లో పీడీఎఫ్‌లు వద్దు. నైతికత పక్కన పెట్టినా, నా ఫోన్‌లో నలభై పీడీఎఫ్‌లు ఉండేవి, ఒక్కటీ తెరవలేదు.

ఎలా చదవాలి: నా నలభై నిమిషాలు

చెస్ పుస్తకాన్ని నవలలా చదివితే ఏమీ మిగలదు. నాకు పనిచేసిన పద్ధతి ఇది.

ఫోన్ పక్క గదిలో. నిజమైన బోర్డు ముందు. పుస్తకంలో తర్వాతి ఎత్తు మీద ఒక అట్టముక్క పెట్టి మూసేస్తా. నేనైతే ఏం ఆడతానో, ఎందుకో, నోట్‌బుక్‌లో ఒక్క లైన్ రాస్తా. తర్వాత అట్ట జరిపి చూస్తా. తేడా వస్తే ఆ తేడా దగ్గరే పాఠం ఉంది. రాయడం చాలా ముఖ్యం. రాయకపోతే, సమాధానం చూశాక "నేనూ అదే అనుకున్నా" అని మనసు మనకే అబద్ధం చెప్తుంది. ఇది నాకు నోట్‌బుక్ పెట్టాకే తెలిసింది.

వారంలో నాలుగు రోజులు పుస్తకం, ఒక్క రోజు పాత పాఠాల రివిజన్. వీకెండ్‌లో రెండే గేమ్స్, కనీసం పదిహేను నిమిషాలవి. గేమ్ అయ్యాక ముందు నేనే నా తప్పులు రాసుకుంటా, ఇంజిన్ చివర్లో. ముందే ఇంజిన్ ఆన్ చేస్తే ఆలోచించే పని దానిదైపోతుంది.

మొదటి నెల రేటింగ్ తగ్గింది. నిజం చెప్తున్నా. కొత్త ఆలోచనలు పాత అలవాట్లతో కొట్టుకుంటాయి, టైమ్ అయిపోతుంది. వదిలేద్దామనిపించింది కూడా. ఎనిమిది నెలల తర్వాత ఇప్పుడు దాదాపు రెండొందల పాయింట్లు పెరిగా. మూడు వేల గేమ్స్ ఇవ్వనిది, నోట్‌బుక్‌లో సగం ఇచ్చింది.

మరి ఇప్పుడు మొదలుపెట్టి ఏం లాభం?

ఈ ప్రశ్న మీకు రాకపోతే ఆశ్చర్యం. మన దగ్గరే చూడండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్. గుంటూరు నుంచి హరికృష్ణ, హారిక. వరంగల్ నుంచి అర్జున్ ఇరిగేశి. గుకేష్ 2024లో పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్. మనం ఇరవై ఏడుకి ఆపోజిషన్ నేర్చుకుంటున్నాం!

గ్రాండ్‌మాస్టర్ అవుతామని నేను చెప్పను. అది అబద్ధం అవుతుంది. కానీ హంపి కథలో నాకు నచ్చిన భాగం 2002 కాదు. పాప పుట్టిన సమయంలో ఆమె ఆటకి విరామం ఇచ్చింది. తిరిగొచ్చి 2019లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది, 2024లో మళ్లీ గెలిచింది. ఆమె స్థాయితో మనకి పోలిక లేదు, ఆ పునాది వేరు. అయినా, ఆగిన చోట నుంచి మళ్లీ మొదలుపెట్టడం సిగ్గుపడే పని కాదని మాత్రం నేర్చుకోవచ్చు.

పెద్దయ్యాక వచ్చినవాళ్లకి ఒక సౌకర్యం కూడా ఉంది. పిల్లలు మనకన్నా త్వరగా గుర్తుపెట్టుకుంటారు, నిజమే. కానీ "ఎందుకు" అని అడగడం మనకి వచ్చు. చదివి అర్థం చేసుకోవడం వచ్చు. పుస్తకం ఆ బలాన్ని వాడుకుంటుంది. బ్లిట్జ్ మాత్రం మనకి లేని వేగాన్ని అడుగుతుంది.

నాకు అసలు భయం రేటింగ్ కాదు. చెస్ వదిలేశా, తర్వాత గిటార్ వదిలేశా, జిమ్ వదిలేశా. మొదలుపెట్టినవన్నీ వదిలేసే మనిషినేమో అనే అనుమానం ఒకటి లోపల ఉండేది. నలభై గేమ్స్ రాసుకున్న నోట్‌బుక్ ఇప్పుడు టేబుల్ మీద ఉంది. రాతేం బాగోదు, కానీ ఉంది.

ఇంకొకటి. ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి నాన్న, నేను ఫోన్ కాల్‌లో ఆడుతున్నాం. యాప్ లేదు. ఆయన బోర్డు ఆయన దగ్గర, నా బోర్డు నా దగ్గర. ఎత్తు నోటితో చెప్పుకోవాలి. ఆయనకి ఆ పాత పద్ధతే అలవాటు. "పీ-కే ఫోర్ రా" అంటాడు, నేను ఇక్కడ ఈ-4లో బంటు పెడతా. పోయిన వారం చివరికి ఆయన రాజు, నా రాజు, నా బంటు మిగిలాయి. బంటు మీద చెయ్యి వేశా. ఆగా. రాజుని ముందుకి జరిపా. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "ఎక్కడ చదివావురా ఇది?" అన్నాడు.

"నీ పుస్తకంలోనే నాన్నా" అన్నా.

సరే ఫ్రెండ్స్, మీకు ఈ వారం పని ఇదొక్కటే. డీ-3, ఈ-2, ఈ-6. బోర్డు మీద పేర్చండి, పక్కన ఎవరైనా ఉంటే నల్ల రాజుని వాళ్లకివ్వండి. ఒకసారి బంటు తోసి చూడండి, ఒకసారి రాజుని నడిపి చూడండి. తేడా మీ చేతికి తెలియాలి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.